‘రాజకీయాలు నిషేధం’ అన్న ఆ ఒక్క లైను తీసేయండి: నెల్లూరు, ప్రకాశం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రులకు బహిరంగ లేఖ

మన గ్రూపు నడుపుతున్న ముగ్గురు మిత్రులకు, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా, ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపు ఊళ్లలో ఉంటూ విండోస్‌కు బదులు లైనక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా కోడు చూసి, మార్చుకుని, పంచుకోగలిగేది) వాడుతున్న, పక్కవాళ్లకు నేర్పుతున్న, మధ్యమధ్యలో తగాదా పడుతున్న అందరికీ,

నమస్కారం. నేను కావలిలో డీటీపీ షాపు నడుపుతాను. పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు: పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. మీలో చాలామందికి నేను తెలుసు. తెలియనివాళ్లకు ఒక గుర్తు చెప్తాను. పాత పద్ధతి అను ఫాంట్లలో చిక్కుకుపోయిన ఫైళ్లను ఎక్కడైనా తెరుచుకునే యూనికోడ్‌లోకి మార్చుకోవడం ఎలాగని మూడు నెలలపాటు రోజూ రాత్రి మిమ్మల్ని అడిగింది నేనే. ఒక్కరు కూడా విసుక్కోలేదు. ఇవాళ నా షాపులో పైరేటెడ్ సాఫ్ట్‌వేర్ ఒక్కటి కూడా లేదంటే అది మీ పుణ్యం. పేజీలు స్క్రైబస్‌లో, బొమ్మలు ఇంక్‌స్కేప్‌లో, ఫోటోలు గింప్‌లో చేసుకుంటున్నాను. ఈ మాట మొదటే చెప్పడం ఎందుకంటే, కింద రాసేదాంట్లో మీకు నచ్చనివి ఉన్నాయి. మీ రుణం మర్చిపోయి రాస్తున్నానని అనుకోవద్దు.

ఇదే లేఖ గ్రూపులో పెడితే గంటలో తీసేస్తారు. 2024 జూన్ నుంచి గ్రూపు పైన పిన్ చేసి ఉన్న నిబంధన ప్రకారం ఇది రాజకీయం. అందుకే బయట రాస్తున్నాను.

ఆ నిబంధన ఎందుకు వచ్చిందో నాకు బాగా తెలుసు. ఆ రాత్రి నేనూ ఉన్నాను.

2024 మే, పోలింగ్‌కి ఇంకా నాలుగు రోజులు. రాత్రి తొమ్మిది నలభైకి కనిగిరి వైపు ఒక హైస్కూలు సారు ఫోటో పెట్టారు. నల్లటి స్క్రీను మీద తెల్లటి అక్షరాల్లో ‘గ్రబ్ రెస్క్యూ’ అని ఉంది, దాని పక్కన మినుకుమినుకుమంటూ ఒక గీత. గ్రబ్ అంటే కంప్యూటరు ఆన్ చేయగానే లైనక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రాము. సెలవుల్లో స్కూలు కంప్యూటర్లు బాగుచేసుకుంటున్నారాయన. పోలింగ్ డ్యూటీకి వెళ్లేలోపు పూర్తి చేయాలని తొందర. విండోస్‌లోంచి డిస్కులో ఖాళీగా ఉన్న భాగం (పార్టిషన్) ఒకటి తీసేశారు. మళ్లీ ఆన్ చేస్తే ఇదీ వరస. ‘అన్నా, ఏందిది, ఏం చేయాలి’ అని అడిగారు.

అప్పటికి ఇరవై నిమిషాల ముందే గ్రూపులో ఎవరో ఒక పార్టీ మేనిఫెస్టో మీద ఏదో ఫార్వర్డ్ పెట్టారు. దానికి జవాబుగా ఇంకో ఫార్వర్డ్. పదిన్నరకల్లా నూట ముప్పై మెసేజులు. పథకాల గురించి మొదలైన మాట నాయకుల మీదికి, అక్కడి నుంచి కులం మీదికి పోయింది. మన జిల్లాల్లో అది ఎంత తొందరగా పోతుందో చెప్పనక్కర్లేదు. ఆ నూట ముప్పైలో పదకొండు నావి. సారు ఫోటో నేను చూశాను. జవాబు కూడా నాకు తెలుసు. ‘ఈ ఒక్కదానికి సమాధానం ఇచ్చి చెప్తాంలే’ అనుకున్నాను. ఆ ఒక్కటి రాత్రి పన్నెండు దాకా తేలలేదు.

అది నాలుగు లైన్ల పని. పార్టిషన్ తీసేసేసరికి మిగతావాటి నంబర్లు జరిగాయి. గ్రబ్ తన ఫైళ్లను పాత నంబరు దగ్గర వెతుక్కుని, దొరక్క ఆగిపోయింది. డిస్కులో ఉన్నది ఉన్నట్టే ఉంది. ఎల్ఎస్ అని కొడితే పార్టిషన్లన్నీ వస్తాయి. ఒక్కోటి తెరిచి చూస్తూ బూట్ ఫోల్డరు ఏ పార్టిషన్లో ఉందో కనుక్కోవాలి. ప్రిఫిక్స్ అక్కడికి సెట్ చేసి, ఇన్స్‌మాడ్ నార్మల్, ఆ తర్వాత నార్మల్ అంటే మెనూ వచ్చేస్తుంది. లోపలికి వెళ్లాక గ్రబ్‌ను ఇంకోసారి ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. ఆ సారుకు ఇవేవీ తెలియవు. పదకొండున్నర దాకా చూశారు. తెల్లారితే డ్యూటీ. డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి కొత్తగా వేసుకున్నారు. ఎనిమిదేళ్లుగా తెలుగులో టైపు చేసి పెట్టుకున్న ప్రశ్నపత్రాలు, పిల్లల సైన్స్ ఫెయిర్ ఫోటోలు అందులోనే ఉన్నాయి. మర్నాడు ఉదయం ఆరున్నరకు నేను ఆ నాలుగు లైన్లు పెట్టాను. ఆయన ‘పర్లేదన్నా, థాంక్స్’ అని రాశారు. ఆ ‘పర్లేదు’ నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ వారంలోనే ఇద్దరు ఆడపిల్లలు మాట చెప్పకుండా గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఒకమ్మాయి నెల్లూరులో ఇంజినీరింగ్ చదువుతూ మనకు కీబోర్డు లేఅవుట్లలో తప్పులు పట్టి ఇచ్చేది. ఆమె మళ్లీ రాలేదు.

ఫలితాలు వచ్చాక మీరు ముగ్గురూ కూర్చుని ఆ లైను పెట్టారు: ‘ఇక్కడ సాంకేతిక విషయాలు మాత్రమే. రాజకీయాలు నిషేధం. మీరితే తొలగిస్తాం.’ ఆ రోజు మొదట చేతులు జోడించిన బొమ్మ పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటి పరిస్థితికి ఇంకేం చేస్తారు?

తర్వాత జరిగింది చూడండి. 2024 అక్టోబరులో లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను చూసుకునే మెయింటెయినర్ల జాబితా నుంచి పదిమందికి పైగా రష్యా వాళ్ల పేర్లు తీసేశారు. అమెరికా ఆంక్షల చట్టాల కారణంగా అన్నారు, లైనక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ దాన్ని సమర్థించారు. ఒంగోలు కుర్రాడొకడు, బీటెక్ రెండో ఏడు, మన గ్రూపులో అడిగాడు: ‘లైనక్స్ అందరిదీ అన్నారు కదా, మరి ఒక దేశం చట్టం వల్ల ఇంకో దేశం వాళ్లను ఎలా తీసేస్తారు? రేపు మనల్ని తీస్తే?’ నేను ఈ గ్రూపులో చూసిన మంచి ప్రశ్నల్లో అదొకటి. ఎనిమిది నిమిషాల్లో డిలీట్ అయింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసరు కూడా కొత్తరకందై ఉండాలి. మన స్కూళ్లలో, పంచాయతీ ఆఫీసుల్లో, చిన్న షాపుల్లో ఉన్న ఎన్నో కంప్యూటర్లకు ఆ అర్హత లేదు. లైనక్స్ వేస్తే అవే కంప్యూటర్లు ఇంకో ఐదారేళ్లు హాయిగా పనిచేస్తాయని మనందరికీ తెలుసు. ఆత్మకూరు అక్కయ్య ఒకామె ఒక అర్జీ ముసాయిదా పెట్టింది. పాత కంప్యూటర్లను తుక్కు కింద వేలం వేయొద్దని, ముందు మాలాంటి వాళ్లకు చూపించమని అధికారులను అడుగుదామన్నది దాని సారాంశం. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వమే 2015లో విధానం ప్రకటించిందని కూడా అందులో గుర్తు చేసింది. ఆమె సొంతంగా చదివి, తెలుగులో పొందిగ్గా రాసుకొచ్చిన రెండు పేజీలవి. అదీ డిలీట్. ‘ప్రభుత్వానికి సంబంధించినది’ అని కారణం రాశారు.

ఆ రోజే నేను ఈ లేఖ రాయాలని నిశ్చయించుకున్నాను.

మిత్రులారా, మన పని పేరులోనే ‘స్వేచ్ఛ’ ఉంది. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అంటే ఉచితమో స్వేచ్ఛో తేలక వాళ్లు నలభై ఏళ్లుగా వివరణ ఇచ్చుకుంటున్నారు. తెలుగులో మనకు ఆ తికమక లేదు, రెండింటికీ వేరు వేరు మాటలున్నాయి. మనం కావాలనే ఈ మాట ఎంచుకున్నాం. ఈ ఉద్యమం మొదలైంది కూడా ఒక ప్రింటరు దగ్గర. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ ల్యాబులో కొత్తగా వచ్చిన లేజర్ ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు పోయేలా ప్రోగ్రాము మార్చుకుందామనుకున్నారు అక్కడి ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్మన్. పాత ప్రింటరుకు అలాగే చేసుకున్నారు మరి. కొత్తదాని సోర్స్ కోడు అడిగితే, ఇవ్వనని ఒప్పందం రాసుకున్నానని చెప్పి ఇంకో యూనివర్సిటీ ఆయన తిప్పి పంపారు. కాగితం ఇరుక్కోవడం సాంకేతిక సమస్య. సరిచేసుకోగలిగినవాడికి సరిచేసుకునే హక్కు లేకపోవడాన్ని ఏమనాలి? 1983 సెప్టెంబరులో ఆయన గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటించింది ఆ రెండోదాని కోసం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఏ షరతుల మీద పంచుకోవాలో చెప్తూ 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు ఒక చట్టపరమైన పత్రం. అందులో ఒక్క లైను కోడు కూడా ఉండదు. దాని గురించి మాట్లాడుకోవడం మన నిబంధన ప్రకారం చెల్లుతుందో చెల్లదో నాకు నిజంగా అర్థం కాలేదు.

నా పనిలో నేను రోజూ చూసే సంగతి ఒకటి చెప్తాను. ‘స్త్రీ’ అని టైపు చేసినప్పుడు స, త, ర, వాటి మధ్య పొల్లులు, చివర గుడిదీర్ఘం, అన్నీ కలిసి ఒక్క అక్షరంగా కూర్చోవాలి. కంప్యూటరుకు అవి వరసగా ఆరు సంకేతాలు, అంతే. వాటిని మడిచి, ఒత్తు కిందికి దించి, గుడి పైకి ఎక్కించే పని చేసేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్ ఫోన్లు, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ అన్నీ దాన్నే వాడుతాయి. ఇప్పుడు మీరు ఇది ఆండ్రాయిడ్ ఫోనులో చదువుతుంటే ఈ ఒత్తులను మీ కళ్ల ముందు పేర్చింది అదే. దాన్ని ముఖ్యంగా రాసింది ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్. దాని పేరు కూడా పారశీక మాటే. 2020 జనవరిలో ఆయన ఇంటివాళ్లను చూడటానికి టెహ్రాన్ వెళ్తే అక్కడి రివల్యూషనరీ గార్డ్ పట్టుకుని వారం రోజులు ఎవిన్ జైల్లో ఉంచింది. ఆయన ఖాతాల్లోని సమాచారమంతా తీసుకుని, బయటికి వెళ్లాక తమకు వేగులా పనిచేయమని ఒత్తిడి చేసింది. బయటపడటానికి అక్కడ సరేనన్నా, తిరిగి వెళ్లాక ఆయన ఆ పని చేయలేదు. జరిగినదంతా బయటపెట్టారు.

స్క్రైబస్ సంగతీ అంతే. ఒకప్పుడు అందులో తెలుగు పెడితే ఒత్తులన్నీ విడిపోయి, గుడులు గాల్లో వేలాడేవి. పెళ్లికొడుకు పేరు కూడా సరిగా వచ్చేది కాదు. 2017లో 1.5.3 వచ్చాక కుదుటపడింది. ఆ పని వెనక ఒమన్ దేశం వాళ్లు ఉన్నారు. వాళ్ల అరబీ అక్షరాలు అతుక్కోవాలని చేసుకున్న పని మన ఒత్తులనూ నిలబెట్టింది. కావలిలో నేను అచ్చేసే శుభలేఖలో ఇరాన్ మనిషి కష్టం ఉంది, ఒమన్ మనిషి కష్టం ఉంది. వాళ్ల దేశాల్లో ఏం జరుగుతున్నదో మాట్లాడుకోవడం ‘సాంకేతికం కాదు’ అంటే నేను ఒప్పుకోలేను.

దీనికి ఎదురుగా 2018 ఫిబ్రవరి గుర్తు చేసుకోండి. మన ‘జ్ఞా’ అక్షరం ఒక తీరుగా వస్తే చాలు, ఐఫోన్లలో మెసేజు ఆప్‌లు మూతపడిపోయాయి. కొద్ది రోజుల్లో ఆపిల్ సరిచేసిన మాట నిజమే. కానీ ఆ కొద్ది రోజులూ తెలుగు తెలిసిన ప్రోగ్రామర్లు ఎంతమంది ఉన్నా లోపలికి తొంగి చూసే దారి లేదు. వాళ్లు సరిచేసేదాకా ఆగడమే. 2022లో, వీడియోలు చూసుకునే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వీఎల్‌సీ వెబ్‌సైటు మన దేశంలో తెరుచుకోకుండా పోయింది. కారణం చెప్పినవాళ్లు లేరు. డిజిటల్ హక్కుల సంస్థ ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ తోడు రాగా, వీఎల్‌సీని తయారుచేసే వీడియోలాన్ వాళ్లు ప్రభుత్వానికి లీగల్ నోటీసు పంపాక, ఆ నవంబరులో నిషేధం తొలగింది. ‘మేం సాంకేతికం మాత్రమే’ అని వాళ్లు కూర్చుని ఉంటే ఆ నోటీసు పోయేదా?

ఇవన్నీ దూరపు సంగతులంటారా, మన దగ్గరిదే చెప్తాను. కలిగిరి మండలం దూబగుంట మనలో చాలామందికి బస్సు ఎక్కితే వెళ్లేంత దూరం. 1990ల మొదట్లో అక్కడ రాత్రిబడులు పెట్టారు. సర్కారు వాళ్ల ఉద్దేశం ఆడవాళ్లకు అక్షరాలు నేర్పాలని. వాచకంలో సారా వల్ల ఇల్లు గుల్లైన ఒక ఆడమనిషి కథ పాఠంగా ఉంది. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివిన వాళ్లు పలక పక్కన పెట్టి, ఇది మా ఇంటి కథే కదా అని మాట్లాడుకున్నారు. ఆ మాటలు సారా కొట్టు మూయించేదాకా వెళ్లాయి. 1992కల్లా నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటలు ఆపారు. రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటంలో ముందు నిలబడ్డ వర్ధినేని రోశమ్మ పేరు అప్పట్లో తెలియని ఇల్లు లేదు. ఆ రాత్రిబడి గోడ మీద ‘ఇక్కడ అక్షరాలు మాత్రమే, సారా మాట ఎత్తరాదు’ అని రాసి ఉంటే?

మనం చేసేదీ అలాంటి బడే. ఒక మనిషికి తన కంప్యూటరు తన చేతిలోకి వచ్చాక, ఇది ఎవరి సొమ్ముతో కొన్నారు, ఎవరిని అడిగి కొన్నారు, నా వివరాలు ఎక్కడికి పోతున్నాయి అని అడగకుండా ఎలా ఉంటాడు? కేరళలో ప్రభుత్వ బడి పిల్లలు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే చదువుకుంటున్నారు. ఆ రాష్ట్రంలో టీచర్లు, ఉద్యమకారులు ఊరూరా వాదించి సాధించుకున్నది అది. మన పిల్లలకు కావాలన్నా అదే దారి.

మరి ఆ మే నెల రాత్రి సంగతేంటని మీరు అడుగుతారు. అడగాలి కూడా. నేను దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఆ రాత్రి జరిగిన తప్పు రాజకీయం మాట్లాడుకోవడంలో లేదని ఈ రెండేళ్లు ఆలోచించాక నాకు అనిపిస్తోంది. సారు చేయి చాచి నిలబడి ఉంటే మేం ఆగకపోవడంలో ఉంది. రెండోది, ఆ నూట ముప్పై మెసేజుల్లో సొంతంగా రాసినవి చాలా తక్కువ. ఎవరో ఎక్కడో తయారు చేసినవి, పేరు లేనివి, ఒకరి మీద ఒకరం విసురుకున్నాం.

నేను ప్రతి ఎన్నికలకూ కరపత్రాలు వేస్తాను. పొద్దున ఒక పార్టీ వాళ్లు, మధ్యాహ్నం వాళ్లకు ఎదురు నిలబడినవాళ్లు, అదే బల్ల మీద కూర్చుని ప్రూఫ్ దిద్దుకుంటారు. ఏ పార్టీదైనా కరపత్రం అడుగున నా షాపు పేరు, ఊరు, వేయించినవాళ్ల పేరు ఉండి తీరాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ అది. పేరు లేకుండా వేస్తే కేసు. ఆ చిన్న లైను పడాలనేసరికి ఎంత కోపంగా వచ్చిన మనిషైనా ఒక మాట తగ్గించి రాయిస్తాడు. పంతొమ్మిదేళ్లలో ఎన్నోసార్లు చూశాను. ‘ఈ మాట తీసెయ్ అన్నా, నా పేరు ఉంటది కదా’ అంటారు. ఫార్వర్డుకు ఆ లైను ఉండదు. అందుకే దానికి అంత నోరు.

కాబట్టి నేను అడిగేది ఇది. ఫార్వర్డులు పూర్తిగా ఆపండి, ఏ పార్టీవైనా సరే. రాజకీయం మాట్లాడేవాళ్లు సొంత మాటల్లో, సొంత పేరుతో మాట్లాడాలి. కులం పేరు ఎత్తినా, ఇంట్లో ఆడవాళ్ల జోలికి పోయినా ఆ మనిషిని నెలపాటు మ్యూట్ చేయండి. విషయాన్ని మ్యూట్ చేయొద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా సాయం అడుగుతూ ప్రశ్న పెడితే దానికి జవాబు వచ్చేదాకా మిగతా మాటలన్నీ ఆగాలి. ఎంత వేడి మీద ఉన్నా సరే. ‘ప్రశ్న ఉంది’ అని ఎవరో ఒకరు రాస్తే చాలు, అందరం నోరు కట్టుకోవాలి. సొంతింట్లో అన్నదమ్ములు ఆస్తి కోసం అరుచుకుంటున్నా గుమ్మంలో ఎవరైనా మంచినీళ్లు అడిగితే ఆపుతారు కదా.

సాయం దగ్గర పార్టీ చూడకూడదన్నది మనకు కొత్తగా నేర్చుకోవాల్సిన సంగతి కాదు. నెల్లూరు వాళ్లకు చెప్పే పని లేదు, పడమటి వైపు కుర్రాళ్ల కోసం రాస్తున్నాను. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగకు వెళ్లండి. మోకాలి లోతు నీళ్లలో జనం నిలబడి ఉంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి పట్టుకుని ఉంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె అని అరుస్తుంటారు. ఆ కోరిక ఉన్నవాళ్లు వచ్చి ఆ రొట్టె పుచ్చుకుంటారు. తీరాక, మళ్లీ ఏడు వాళ్లే రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. హిందువులూ వస్తారు, ముస్లింలూ వస్తారు. ఏడేళ్ల కిందట మా అమ్మాయి కోసం నేను చదువు రొట్టె తీసుకున్నది ఎవరి దగ్గరో నాకు తెలియదు. తర్వాత నేను ఇచ్చింది ఎవరికో కూడా తెలియదు. జీపీఎల్ మొదటిసారి ఎవరో నాకు వివరించినప్పుడు, తీసుకున్నదాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు అదే స్వేచ్ఛతో ఇవ్వాలని చెప్పినప్పుడు, నాకు గుర్తొచ్చింది ఆ చెరువే. అను ఫాంట్ల రొట్టె మీరు నాకు ఇచ్చారు. స్క్రైబస్‌లో బ్లీడ్ ఎంత పెట్టాలి, సీఎంవైకే రంగులు ప్రెస్‌కి ఎలా పంపాలి అన్న రొట్టె నేను అద్దంకి తమ్ముడికి ఇచ్చాను. అతను ఏ పార్టీయో నాకు తెలుసు. నా పార్టీ ఏదో అతనికీ తెలుసు. ఆ చెరువు దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ఎన్నికలప్పుడు వేరు వేరు గుర్తులకే ఓటేస్తారు.

ఇక మీ ఇబ్బందులు. ముగ్గురిలో ఒకరు ప్రభుత్వ ఉపాధ్యాయులు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ఆయన రాజకీయాల్లో పాల్గొనకూడదు. ఎవరో మెసేజు పెడితే అడ్మిన్‌గా తన పేరు బయటికి వస్తుందన్న టెన్షన్ ఆయనకు న్యాయమైనదే. అయ్యవార్ల మీద ఫిర్యాదు పెట్టడం మన దగ్గర ఎంత సులువో నాకు తెలుసు. సభ్యులు పెట్టినదానికి అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేరని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అయినా కోర్టు తీర్పు చేతిలో పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి తిరగమని ఒక టీచరుకు నేను చెప్పను. సార్, మీరు అడ్మిన్‌గా ఉండొద్దు. మామూలు సభ్యుడిగా ఉండి పిల్లలకు పైథాన్ చెప్పండి, మాకు అది చాలు. మీ స్థానంలో ఆ బాధ్యత నేను తీసుకుంటాను. కరపత్రం కింద ఎలాగూ నా పేరు పడుతూనే ఉంది.

మిగిలిన ఇద్దరికీ ఒక మాట. ‘ఈ గోల మనకెందుకు, రాత్రి పని అయ్యాక కాసేపు సరదాకు వస్తాం’ అని మీరు అంటుంటారు. అది నిజం. సరదా లేకపోతే నేనూ వచ్చేవాణ్ణి కాదు. రాజకీయం వద్దనుకునేవాళ్ల కోసం పక్కన వేరే గది ఒకటి పెడదామంటే నాకు అభ్యంతరం లేదు. ప్రశ్నలు, జవాబులు ఒకచోట, చర్చలు ఇంకోచోట. కానీ రెండూ మన ఇంట్లోవే అయి ఉండాలి. ఆ ఒంగోలు కుర్రాడి ప్రశ్నను, అక్కయ్య అర్జీని తిరిగి పెట్టండి. నా దగ్గర అర్జీ కాపీ ఉంది. ఆమె ఒప్పుకుంటే అచ్చుతప్పులు చూసి, కాగితం ఖర్చు నేను పెట్టుకుని యాభై కాపీలు వేసిస్తాను.

వెళ్లిపోయిన ఇద్దరు అమ్మాయిలకు నేను ఫోన్ చేయలేదు. మగవాళ్లం అరుచుకుంటుంటే భయపడి వెళ్లినవాళ్లకు మళ్లీ ఒక మగమనిషి ఫోన్ చేసి రమ్మనడం బాగుండదనిపించింది. అక్కయ్య మాట్లాడతానంది. వాళ్లు వస్తే, గ్రూపు నడిపేవాళ్లలో ఒకరుగా ఉండమని అడుగుదాం.

ఆదివారం మధ్యాహ్నం మా షాపుకు సెలవు. షట్టరు సగం ఎత్తి ఉంచుతాను. ఫోన్లో కాకుండా ఎదురెదురుగా కూర్చుని ఇవన్నీ మాట్లాడుకుందాం. బస్టాండు నుంచి నడిచి వచ్చేంత దూరమే. కనిగిరి సారును కూడా పిలిచాను. ఆయన పాత డిస్కు దాచిపెట్టే ఉంచారట, వస్తూ తెస్తానన్నారు. ఫార్మాట్ చేసి మీద రాసేసిన డిస్కులోంచి ఎంత వస్తుందో చెప్పలేను. పోయిన ఫైళ్లను వెతికే టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ వేసి చూద్దాం. ఫోటోలైనా కొన్ని దొరుకుతాయేమో.

ఈలోపు ఒక పని. నిన్న రాత్రి నుంచి పొదిలి తమ్ముడి ప్రింటరు ప్రశ్న జవాబు లేకుండా ఉంది. తమ్ముడూ, నీ ప్రింటరుకు కంపెనీ ఇచ్చిన లైనక్స్ డ్రైవరు పాతది, ఇప్పటి ఉబుంటులో నడవదు. ఆ ప్రింటరు మాట్లాడే భాషను గమనించి గమనించి ఎవరో బయటివాళ్లు సొంతంగా రాసిన స్వేచ్ఛా డ్రైవరు ఒకటుంది. నా షాపులో అదే వాడుతున్నాను. ముందు పాతదాన్ని పూర్తిగా తీసేసి, లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్‌ను ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టు. యూఎస్‌బీ కేబులు పీకి పెట్టాక ప్రింటరు పేరు కనిపించిందో లేదో చెప్పు. మిగతాది గ్రూపులో రాస్తున్నాను.

కావలి నుంచి,
మీ డీటీపీ మిత్రుడు